పెంచలమ్మ కాంచిన నీళ్ళు

నీళ్ళను పరీక్షించడానికి వెళితే మనుషులు పరీక్షకు కూర్చుంటారు. నేను సీసా మూత తీయగానే ఇంటాయన చొక్కా గుండీలు పెట్టుకుంటాడు. ఇంటామె బోరు చుట్టూ ఊడ్చి కళ్ళాపి చల్లుతుంది. ఒకచోట పైపు మూతికి పసుపు పూసి బొట్టు కూడా పెట్టారు. అది సీసాలో కలిస్తే లెక్క తప్పుతుందని మొత్తుకుంటే, "శుభమే గదమ్మా, లెక్క తప్పితే యేమి?" అన్నారు. పెళ్ళిచూపుల్లో పిల్ల కాస్త నల్లగా ఉంటే పౌడరు దట్టించినట్టు. నన్ను చూడటానికి వచ్చినప్పుడు మా అమ్మ కూడా అదే పని చేసింది కాబట్టి ఆ హడావిడి నాకు అర్థమవుతుంది. ఫలితం కూడా దాదాపు అలాగే ఉంటుంది.

మా ప్రాజెక్టు తిరుపతిలో ఒక యూనివర్సిటీది. కార్వేటినగరం చుట్టుపక్కల పల్లెల్లో బోరునీళ్ళలో నైట్రేటు ఎంతుందో ఏడాది పొడుగునా చూస్తూ ఉండటం పని. ప్రాజెక్టు పెద్ద రవిచంద్ర గారు ఏసీ గదిలో ఉంటారు. నేనూ డ్రైవరు ఢిల్లీబాబూ దారిలో ఉంటాం. చెరకుకు వేసిన యూరియా, పాడి ఆవుల పేడదిబ్బలు, ఇళ్ళ వెనకాల కక్కసు గుంతలు, అన్నిట్లోంచీ ఇది వానతో కలిసి కిందికి దిగి బోర్లలోకి చేరుతుంది. దీనికి రంగు లేదు, వాసన లేదు, రూపం లేదు. దేవుణ్ణి గురించి కూడా ఇవే మాటలు చెబుతారు. తేడా ఒక్కటే, దీన్ని కొలవొచ్చు.

లీటరుకు నలభై ఐదు మిల్లీగ్రాముల దాకా తాగొచ్చు, దాటితే తాగకూడదు. ఒక గీత గీసి ఇస్తే మనిషి మనసుకు ఎంత హాయో ఈ పనిలోకి వచ్చాకే చూశాను. నలభై నాలుగు వచ్చినవాడు మీసం దువ్వుకుంటాడు. నలభై ఆరు వచ్చినవాడు, "పక్కోడి బోరు గూడా సూడండి మేడం, వాడిది అరవై ఉంటాది" అంటాడు. గీతకు ఇవతలా అవతలా అన్నదే గానీ నీళ్ళ సంగతి ఎవరికీ పట్టదు. నాకు పట్టిందా అంటే, నేను తిరుపతిలో ఒక్కదాన్నే ఒక గదిలో ఉంటాను. క్యాన్ నీళ్ళు తాగుతాను.

పెంచలమ్మ బోరు నలభై ఒకటి.

ఆ ఇంటికి చెరకు తోట ఉంది, పాడి ఉంది. కొడుకు మునిచంద్ర సేద్యం చూసుకుంటాడు, పెంచలమ్మ మునిచంద్రను చూసుకుంటుంది. పోయినసారి ఫలితం చెప్పినప్పుడు ఆమె అడిగింది ఒకటే.

"పాసా, ఫెయిలా?"

"పాసేనమ్మా. గీతకు దగ్గర్లోనే ఉంది గానీ..."

"పాసంటే పాసే. మధ్యలో ఆ గానీ ఎందుకు?"

ఆ మర్నాటి నుంచి క్యాన్ నీళ్ళ ఆటో ఆ వాకిట్లో ఆగలేదట. మోటారు గది గోడమీద ఎర్ర రంగుతో 'పరీక్ష పాసయిన నీళ్ళు' అని కొడుకు చేత రాయించింది. నేను ఎమ్మెస్సీ పాసైనప్పుడు మా ఇంట్లో ఎవరూ ఏ గోడమీదా రాయలేదు.

ఈసారి వెళ్ళేసరికి ఆ వాకిట్లో చెప్పులు గుట్టగా పడి ఉన్నాయి. ఢిల్లీబాబు జీపు దిగకుండానే తల బయటికి పెట్టి చూశాడు.

"ఎవురో పోయినట్టుండారు మేడం. ఈడ వద్దు, పక్కూరికి పోదాం పాండి. సావింట్లో పట్టుకుంటే నీళ్ళకు గూడా మైలే."

లోపలినుంచి తాళాల చప్పుడు, దాని మీద ఒక బొంగురు గొంతు. భజన. చావు కాదు. మునిచంద్ర ఎదురొచ్చాడు. ముప్పై ఏళ్ళ మనిషి, సిగ్గూ గర్వమూ కలిసి ముఖం ఎటు పెట్టుకోవాలో తెలియనట్టున్నాడు.

"రాండి మేడం. మా పిల్లోడొచ్చినాడు."

భార్య పవిత్ర పురిటికి నగరిలో పుట్టింటికి వెళ్ళి, మూడో నెల నిండాక బిడ్డను తీసుకుని వచ్చింది. వచ్చిన కొత్తలో ఆమెకు జ్వరం తగిలి పాలు ఇంకిపోయాయి. డాక్టరు డబ్బాపాలు పట్టమన్నాడు. నగరిలో ఉన్నప్పుడు పిల్లవాడిది మామూలు చామనచాయ. ఈ ఇంటికి వచ్చాక రంగు తిరగడం మొదలైంది. ముందు పెదవులు, తర్వాత గోళ్ళు, ఇప్పుడు ముఖమంతా.

"నీలం, మేడం," అన్నాడు మునిచంద్ర గొంతు తగ్గించి. "కిష్టుడి రంగు. మా గడప తొక్కినాకే సామి బయటపడినాడంటాది మాయమ్మ."

అరుగుమీద భజన గుంపుకు పెద్ద తిరుమలయ్య కూర్చుని ఉన్నాడు. ఊళ్ళో ఏది జరిగినా దేవుడికీ ఊరికీ మధ్య ఆయనే తీర్పరి.

"అనుమానమేముండాది మేడం? తెల్లగుండే పిల్లోడు నల్లబడితే ఎండ అంటాం. నీలంగా మారితే ఏమంటాం? మీరు సదువుకున్నోళ్ళు, మీరే సెప్పండి."

నేను గుమ్మం దగ్గరికి వెళ్ళాను. లోపల చీర ఉయ్యాల పక్కన పెంచలమ్మ కూర్చుని ఉంది. యాభై దాటిన బలమైన మనిషి. బిడ్డ ఆమె ఒళ్ళో ఉన్నాడు. నెత్తిన అల్లిక టోపీ, టోపీలో నెమలీక.

"ఆడ్నించే సూడమ్మణ్ణీ, దగ్గరికి రావద్దు. అందురి సూపూ ఒగటిగా ఉండదు," అంది నవ్వుతూనే.

పెదవులు నేరేడుపండ్లు తిన్నట్టున్నాయి. గోళ్ళు పలక రంగులో ఉన్నాయి. ఏడవడం లేదు. ఇంత భజనలో ఇంతమంది మధ్య మూడు నెలల బిడ్డ ఏడవకుండా, సగం మూసిన కళ్ళతో, గబగబా ఊపిరి తీస్తూ ఉన్నాడు. దాన్నే వాళ్ళు ప్రశాంతత అనుకుంటున్నారు.

ఆ క్షణంలో నాకు ఏమైందో ఉన్నదున్నట్టు చెబుతాను. భయం కలగలేదు. సంతోషం కలిగింది. నైట్రేటు ఎక్కువైన నీళ్ళతో డబ్బాపాలు కలిపి పడితే పసిబిడ్డల రక్తం ప్రాణవాయువును మొయ్యలేకపోతుంది, ఒళ్ళు నీలంగా మారుతుంది. ఈ ముక్క పుస్తకాల్లో ఎన్నిసార్లో చదివాను, ఎన్నో రిపోర్టుల మొదటి పేజీలో రాశాను. ఒక్కసారీ కంటితో చూడలేదు. ఇప్పుడు చూశాను. చాలాకాలం ఉత్తరాల్లో మాత్రమే ఎరిగిన బంధువు రైలు దిగి ఎదురైతే కలిగేలాంటి ఆనందం. ఆ ఆనందం ఎవరి మీద నిలబడి ఉందో కాస్త ఆలస్యంగా తెలిసింది. మనసు ముందు తన సొంత పని చూసుకుని, ఆ తర్వాతే మనిషితనం తెచ్చిపెట్టుకుంటుంది. అందరికీ అంతేననుకుని నన్ను నేను సముదాయించుకున్నాను. అది కూడా సొంత పనే.

మోటారు గదికి పరుగెత్తాను. మోటారు వేయించి, పైపులో నిలవున్న నీళ్ళు పోనిచ్చి, కొత్త నీళ్ళలో పరీక్ష పట్టీ ముంచాను. అది వేలెడంత కాగితపు ముక్క. నైట్రేటు కొద్దిగా ఉంటే లేత గులాబి, ఎక్కువయ్యేకొద్దీ ముదురు. రంగు చూసి డబ్బా మీది గళ్ళతో పోల్చుకోవాలి.

లేత గులాబి. నలభై, నలభై రెండు. పాసు.

మళ్ళీ ముంచాను. పాసు. గోడమీద ఎర్ర అక్షరాలు నా నెత్తిమీదుగా అదే చెబుతున్నాయి.

రవిచంద్ర గారికి ఫోను చేసి బిడ్డ సంగతి చెప్పాను.

"బోరు ఎంత?" అన్నారు.

"నలభై సార్."

"మరింకేం? నీళ్ళు కాదు. గుండెలో రంధ్రం ఉన్న పిల్లలు కూడా అట్లాగే ఉంటారు. డాక్టరుకు చూపించమని చెప్పి వచ్చెయ్యండి. మన పని బోరు దగ్గరితో అయిపోతుంది నందితా. ఇళ్ళల్లోకి వెళ్ళకండి, తర్వాత మనమీదికొస్తుంది."

ఆయన మాటలో తప్పేమీ లేదు. తప్పు లేని మాటల దగ్గర నాకెప్పుడూ చాలా సుఖం. డాక్టరుకు చూపించమని చెబుదాం, జీపెక్కుదాం అనుకుని వాకిట్లోకి వచ్చాను. అప్పటికి హారతి అయింది. పెంచలమ్మ ఒక ఇత్తడి చెంబుతో వరసగా అందరికీ ఉద్ధరిణెడు నీళ్ళు పోస్తోంది. తిరుమలయ్య కళ్ళు మూసుకుని తాగి, తడి చెయ్యి నెత్తికి రాసుకున్నాడు. ఢిల్లీబాబు కూడా వరసలో ఉన్నాడు.

"నువ్వూ పట్టమ్మణ్ణీ," అంది పెంచలమ్మ. "పిల్లోడు తాగే నీళ్ళు. వాడి పాలల్లో కలిపేది ఇదే. మిగిలింది తీర్థం."

దోసిట్లో పోసింది. నాలుక తగిలించాను. బరువుగా, నాలుక అంచున ఏదో మిగిలిపోయినట్టుగా ఉంది. బోరు నీళ్ళు నాకు తెలుసు, ఇవి అవి కావు. ఎడమ అరచేతిలో తీర్థం ఒలికిపోకుండా పట్టుకుని, కుడిచేత్తో జేబులోంచి పట్టీ తీసి అందులో ముంచాను. తీర్థంలో కాగితం ముంచిన మొదటి మనిషిని నేనే అయ్యుంటాను.

పట్టీ గులాబి కాలేదు. గులాబిని దాటి, డబ్బా మీది చివరి గడిని కూడా దాటి, చిక్కటి ఎరుపైపోయింది.

నా పక్కనున్న ఆమె కెవ్వుమంది. "కుంకం! సూడండే, కుంకం రంగొచ్చింది!"

"గోయిందా!" అన్నాడు తిరుమలయ్య. "గోయింద" అన్నారు అందరూ. ఢిల్లీబాబు లెంపలేసుకున్నాడు. పెంచలమ్మ నావైపు తలెత్తి చూసింది. ఆ చూపులో, ఇప్పుడేమంటావ్ అనే ఠీవి ఉంది.

"ఇవి ఎక్కడివమ్మా?" అన్నాను. "బోరువి కావే."

"మన బోరువే. పాసయిన నీళ్ళే. కాంచినాను."

"ఎట్ల కాంచినావు? చూపించు."

అడిగితే సంతోషించని వంటమనిషి ఉండదు. నన్ను వెనకింట్లోకి తీసుకుపోయింది. కట్టెల పొయ్యి మీద పెద్ద అల్యూమినియం గిన్నె. సన్నటి సెగ. అడుగున బెత్తెడు నీళ్ళు. పక్కలంతా తెల్లటి పొర మందంగా పేరుకుని ఉంది. పొయ్యి పక్కన పవిత్ర పాలసీసా కడుగుతోంది. ఇరవై రెండు ఇరవై మూడేళ్ళ పిల్ల, నిద్రలేని కళ్ళు.

"నర్సమ్మ కాంచి తాపమనింది," అంది పెంచలమ్మ. "మిగతా ఆడోళ్ళు ఒగ పొంగు రాంగానే దించేస్తారు, సోమరిపోతులు. కషాయం ఎట్ల కాస్తాం? నాలుగు సెంబులు పోస్తే ఒగ సెంబు మిగలల్ల. అప్పుడు గదా సారం దిగేది. ఈ గిన్నె నేను వొట్టి చెయ్యనే చెయ్యను. తగ్గేకొద్దీ పైన పోస్తానే ఉంటా. పిల్లోడొచ్చిన దినం పెట్టిన పొయ్యి ఇది, ఆరలేదు."

"ఈ తెల్లది?"

"సెడ్డ. నీళ్ళల్లో ఉండే సెడ్డంతా గిన్నెకంటుకుంటాది. మంచి మిగుల్తాది."

"నేను ఒక పొంగుకు దించేద్దామన్నాను," అంది పవిత్ర సీసాలోకి చూస్తూ. "అత్త ఒప్పుకోలా."

"నీకేం తెలుసుమే. మీ నగరిలో నీళ్ళు కాంచను గూడా కాంచరు."

నేను ఆ గిన్నెలోకి చూస్తూ నిలబడ్డాను. గిన్నెకు అంటుకున్నది సున్నం, అది ఎవరినీ చంపదు. నైట్రేటు ఆవిరి కాదు, అంటుకోదు. నీళ్ళు పోతుంటాయి, అది ఉండిపోతుంది. పైన పోసిన ప్రతి చెంబూ తన వంతు తెచ్చి అందులో దింపి ఆవిరైపోయింది. పగలూ రాత్రీ కునుకు తీయకుండా ఒక నాయనమ్మ తన ప్రేమనంతా కట్టెలుగా పెట్టి, పాసయిన నీళ్ళను విషం చేసింది. సోమరిపోతు నాయనమ్మ అయ్యుంటే పిల్లవాడు ఈపాటికి గుక్కపట్టి ఏడుస్తూ ఉండేవాడు.

చెప్పాను. నాకు తెలిసినంత మెత్తగానే చెప్పాను. నాకు తెలిసిన మెత్తదనం రిపోర్టుల్లో నేర్చుకున్నది.

"అమ్మా, ఈ నీళ్ళవల్లనే బిడ్డ నీలమైనాడు. అది దేవుడి రంగు కాదు, ఊపిరి అందని రంగు. ఇప్పుడే తిరుపతికి తీసుకుపోవాల. ఆలస్యమైతే బిడ్డ దక్కడు."

పెంచలమ్మ ముఖం ముందు ఏమీ మారలేదు. తర్వాత చెంబు కింద పెట్టింది.

"ఏమంటివి? దక్కడా?"

"అమ్మా, నేను..."

"నా గడప లోపల, నా పొయ్యి కాడ నిలబడి, నా మనవడు దక్కడంటావా? నోట్లో నాలికేనా అది? నీళ్ళు పాసని సెప్పింది ఎవురు? నువ్వే గదా? ఇంతమంది సామి అంటాంటే నీ ఒక్కదానికే పిల్లోడు సచ్చిపోయేటట్టు అగుపడినాడా? నీకు మొగుడా, బిడ్డలా? కడుపున ఒకరిని కనింటే తెలిసుండును ఆ మాట అనకూడదని."

కేకలకు జనం వెనకింటి గుమ్మం దాకా వచ్చారు. మునిచంద్ర అందర్నీ తోసుకుని వచ్చి తల్లినీ నన్నూ మార్చి మార్చి చూశాడు. పవిత్ర లేచి, ఉయ్యాల దగ్గరికి పోయి బిడ్డను ఎత్తుకొచ్చింది. ఎత్తుకున్నా వాడు తల నిలపలేదు.

"మునీ, ఈయమ్మను బయటికి పంపీ," అంది పెంచలమ్మ.

"ఒకసారి డాక్టరుకు సూపిద్దాంలేమ్మా," అన్నాడతను సణుగుడుగా.

"సామిని సూదుల్తో పొడిపిస్తావా?"

తిరుమలయ్య గొంతు సవరించుకున్నాడు. శనివారం దాకా ఆగుదాం, పక్క ఊళ్ళవాళ్ళు కూడా చూడటానికి వస్తున్నారు అన్నాడు.

ఆ బిడ్డకు శనివారం లేదు. నాకు తెలుసు. నిజం చెబితే ఏమవుతుందో కూడా అప్పటికి తెలిసిపోయింది. ఆ నిజానికి ఒక నేరస్థురాలు కావాలి, ఆ నేరస్థురాలు పెంచలమ్మ. తన చేతుల్తో మనవణ్ణి చంపుతున్నానని ఒప్పుకుంటేనే వాణ్ణి బతికించుకోగలదు. అంత బరువు ఏ మనసూ ఒక్క ఊపులో ఎత్తదు. ఎత్తేబదులు బిడ్డను దేవుణ్ణి చేసుకుంటుంది. వాదించేకొద్దీ ఆమె ఆ దేవుణ్ణి గట్టిగా వాటేసుకుంటుంది. నీలం రంగుకు ఇంకొక కారణం కావాలి. ఆమెది కాని తప్పు కావాలి. గది చుట్టూ చూశాను. ఆ తప్పుకు తగిన మనిషి అక్కడ ఒకతే ఉంది. ముప్పై ఏడేళ్ళు, పెళ్ళి లేదు, పిల్లల్లేరు, ఇంటింటికీ తిరిగి ఊరివాళ్ళ నీళ్ళలోకి తొంగిచూసే మనిషి. ఇంతకంటే అర్హతలు ఎవరికుంటాయి?

"నా దిష్టే," అన్నాను.

తాళాలు ఆగిపోయాయి. అప్పటిదాకా ముందు వాకిట్లో ఎవరో వాయిస్తూనే ఉన్నారని అప్పుడు తెలిసింది.

"నాదే తగిలింది, పెంచలమ్మా. గుమ్మం కాడ్నించి చూసినానే, అప్పుడే నాకు తెలిసింది. నాది మామూలుది కాదు."

"అదీ!" అంది పెంచలమ్మ. ఆ ఒక్క మాటలో ఎంత ఊరట ఉందో నా చెవులతో విన్నాను. "అనుకుంటి. అనుకుంటినే! అయితే రంగు తిరిగి శానా దినాలైందే?"

తెలివైన మనిషి.

"పోయినసారి నీ బోరు చూసినాను గదమ్మా. ఆ నీళ్ళమీద పడింది. ఆ నీళ్ళే బిడ్డకు పోయినాయి. ఇంత మంచి బోరు ఎవరికీ లేదే అని మనసులో అనుకున్నాను."

మంచి బోరు అన్న మాటకు ఆమె తల తనకు తెలియకుండానే ఊపింది.

"ఉప్పు మిరపకాయలు తీసుకురా మునీ," అంది.

"నాది ఉప్పుకు పోయేది కాదు. మా అక్క బిడ్డకు ఇట్లనే తగిలింది. తిరుపతి ఆస్పత్రిలో ఒక నీలం మందు ఎక్కిస్తారు. నీలాన్ని నీలమే లాగుతుంది. దానికి తప్ప ఇంక దేనికీ వదల్లేదు." నాకు అక్క లేదు. మందు మాత్రం నిజం, పేరు మిథిలీన్ బ్లూ. విజ్ఞానశాస్త్రం అప్పుడప్పుడు తిరుమలయ్య లాగా ఆలోచిస్తుంది. "దారిలో ఈ గిన్నె నీళ్ళు చుక్క కూడా పట్టొద్దు. ఇప్పుడు మళ్ళీ చూసినాను వాటిని."

గిన్నెను ముందుగా ఎత్తింది పవిత్ర. ఒక చంకలో బిడ్డ, ఇంకో చేత్తో కొంగు చుట్టి పట్టుకున్న గిన్నె. ఎవరినీ అడగకుండా తలుపు బయటికి పోయి పేడదిబ్బ మీద కుమ్మరించేసింది. మండే పొయ్యి మీద చెంబెడు నీళ్ళు పోసింది. బుస్సుమని పొగ లేచింది. అత్త నోరు తెరిచేలోపల పోయి జీపులో కూర్చుంది.

నేను వాకిట్లో నడుస్తుంటే జనం రెండు పాయలుగా విడిపోయారు. ఊరేగింపులో దేవుడికి ఇంత బాగా దారివ్వరు. తల్లులు పిల్లల ముఖాలు కొంగుల్లో దాచుకున్నారు. తిరుమలయ్య కండువా తలమీద కప్పుకుని గోడవైపు తిరిగాడు.

పుత్తూరు దాటాం. వెనక సీట్లో పవిత్ర, మునిచంద్ర, మధ్యలో పెంచలమ్మ. బిడ్డ ముఖం నాకు కనిపించకుండా ఆమె చెయ్యి అడ్డం పెట్టుకుని ఉంది. ఢిల్లీబాబు లోపలి అద్దాన్ని నా ముఖం పడకుండా పక్కకు తిప్పేశాడు.

"ఏంది ఢిల్లీబాబూ, నువ్వు కూడానా?"

"మీరే సెప్తిరి గదా మేడం," అన్నాడు రోడ్డు మీంచి చూపు తిప్పకుండా. "నేను మూడేండ్ల నుంచి మీ పక్కనే కూసుంటాండా. నా నడుము నొప్పి యాడ్నించొచ్చిందో ఇప్పుడు తెలిసింది."

రేణిగుంట దగ్గర బిడ్డ ఒకసారి కక్కుకున్నాడు. పవిత్ర వాణ్ణి భుజాన వేసుకుని నన్ను పిలిచింది.

"అక్కా, ఇంకెంత దూరం?"

"దగ్గరే."

"ఊపిరుండాదా, సూడు."

చూడమంది. నన్ను. పెంచలమ్మ అడ్డం పెట్టిన చెయ్యి కదల్లేదు గానీ, పవిత్ర ఆ చేతిని పట్టుకుని కిందికి దించేసింది. నేను వెనక్కి తిరిగి వాడి ఛాతీని చూశాను. ఉంది. ఆస్పత్రి వచ్చేదాకా నేను దాని మీంచి కళ్ళు తీయలేదు. పెంచలమ్మ నన్నే చూస్తూ కూర్చుంది.

ఆస్పత్రిలో చిన్నపిల్లల డాక్టరమ్మ సూదితో తీసిన రక్తం ఎర్రగా లేదు, చాక్లెట్ రంగులో ఉంది. నేను బోరు, గిన్నె, పట్టీ సంగతి చెబుతుంటే సగంలోనే ఆమె నర్సును మందుకోసం పరుగెత్తించింది. మునిచంద్రనూ పవిత్రనూ లోపల ఉంచుకుని మమ్మల్ని బయటికి పంపేసింది.

వరండాలో బెంచీ మీద కూర్చున్నాను. పెంచలమ్మ దూరంగా, గోడకానుకుని నేలమీద కూర్చుంది. ఢిల్లీబాబు ఫోను మోగుతూనే ఉంది. వార్త మాకంటే ముందే ఊళ్ళు తిరిగేసింది.

"రేపటి పల్లెలోళ్ళు మేడం," అన్నాడు చెయ్యి అడ్డంపెట్టి. "మీరు రావద్దంట. సీసాలు పంపిస్తే వాళ్ళే పట్టిస్తారంట."

"వాళ్ళు పడితే లెక్క కుదరదు. ఎవరెవరు?"

"అందురూ." మళ్ళీ మోగింది. విని, ఇబ్బందిగా తల గోక్కున్నాడు. "ఈమె మాత్రం రమ్మంటాంది. వాళ్ళ తోడికోడలి ఆవులు శానా పాలిస్తాండాయంట. ఊరికే ఆ పక్కగా ఒకసారి నడిచిపోతే సాలంట."

నవ్వొచ్చింది. నవ్వుతుండగానే, ఇన్నేళ్ళు తిరిగిన ఊళ్ళల్లో ఏ వాకిలీ ఇక నాకు తెరుచుకోదని అర్థమైంది. రవిచంద్ర గారికి ఇది ఎలా రాసిపంపాలి? నమూనాల సేకరణకు ఆటంకం, కారణం సేకరించే వ్యక్తి దిష్టి. ఇంటికి పోయి తలుపేసుకోవాలనిపించింది. నాకు తలుపేసుకోవడం బాగా వచ్చు. కానీ ఇప్పుడు లేచిపోతే, నెల తిరక్కముందే ఆ పొయ్యి మళ్ళీ వెలుగుతుంది. దిష్టి వదిలిన నీళ్ళు మళ్ళీ మంచి నీళ్ళే కదా. నా అబద్ధంలో ఉన్న కంత అదే. పెంచలమ్మతో ఇంకొక మాట మిగిలి ఉంది, అది ఎట్లా మొదలుపెట్టాలో తెలియలేదు.

ఆమే లేచి వచ్చింది. కొంగు ముడి విప్పింది. అందులో కల్లుప్పు, ఎండు మిరపకాయలు. బయల్దేరేటప్పుడు ఎప్పుడు ముడేసుకుందో ఎవరం చూడలేదు.

"కాలెత్తు," అంది.

"ఎందుకమ్మా?"

"దిష్టి పెట్టినోళ్ళ కాలి కింది మన్ను కలపల్ల. లేకుంటే పోదు. ఈడ మన్నే లేదు, అంతా నున్నగా బండలు ఏసి పెట్టినారు."

కాలెత్తాను. ఆమె నా ముందు గొంతుకూర్చుని, బూటు అడుగున గాళ్ళలో ఎండిపోయిన బురదను పిన్నీసుతో గీకడం మొదలుపెట్టింది. పొడిపొడిగా ఉప్పు మీద రాలుతోంది. పక్క బెంచీలవాళ్ళు చూస్తున్నారు. నాకు అలవాటు లేదు, నా కాలు ఎవరూ పట్టుకోలేదు.

తలెత్తకుండానే, నాకు మాత్రమే వినపడేటట్టు అడిగింది.

"ఎంత కాంచినా పోదా అది?"

ఆమె పిన్నీసు ఆపలేదు.

"పోదమ్మా. కాంచేకొద్దీ ఎక్కువైతాది. నీళ్ళే పోతాయి."

"గిన్నెకంటుకోదా?"

"అంటుకునేది సున్నం. ఇది అంటుకోదు."

పిన్నీసు ఆగింది. ఒక క్షణం ఆమె చెయ్యి నా చీలమండను గట్టిగా పట్టుకుంది, పడిపోయేవాళ్ళు దేన్నో పట్టుకున్నట్టు. ఆ పట్టీ రంగు చూసినప్పుడు తెలిసిందా, పవిత్ర గిన్నె కుమ్మరించినప్పుడు తెలిసిందా, జీపులో నేను బిడ్డ ఛాతీ చూస్తుంటే నన్ను చూస్తూ తెలుసుకుందా, నాకు తెలియదు. అడగలేదు. మనుషులు ఒక్కొక్క నిజాన్ని ఏ దారిన ఇంట్లోకి రానిస్తారో అది వాళ్ళ ఇష్టం.

లోపలి తలుపు తెరుచుకుంది. మునిచంద్ర వచ్చాడు. ఏడ్చి ఏడ్చి ముఖం ఉబ్బిపోయి ఉంది, నవ్వుతున్నాడు.

"యేడ్చినాడు మా! గట్టిగా! పెదాలు ఎర్రబడతాండాయి. ఇంక బయమేం లేదనింది డాక్టరమ్మ."

పెంచలమ్మ నా కాలు వదల్లేదు. కొడుకు వైపు తిరిగి, వరండా అంతా వినపడేటంత గట్టిగా అంది.

"ఎట్ల యేడవడు? దిష్టి ఎవురిదో తెలిసిపాయె గదా. ఇదిగో, ఈయమ్మది. ఇప్పుడు ఇను మునీ. ఆ బోరు నీళ్ళు కాంచిందిగానీ కాంచనిదిగానీ ఇంక పిల్లోడి నోట్లో పడగూడదు. ఈయమ్మ సూపు తగిలిన నీళ్ళు. నేను సెప్పినా పొయ్యనీగూడదు, యినపడిందా?"

"సరే మా."

అప్పుడు నావైపు చూసింది. గొంతు ఎంత గట్టిగా ఉందో కళ్ళు అంత గట్టిగా లేవు.

"నీదే గదా?"

"నాదేనమ్మా."

"ఆ," అంది. ముక్కు చీది, కొంగుతో తుడుచుకుంది. మళ్ళీ పిన్నీసు చేతిలోకి తీసుకుంది.

"సాలదు. ఆ కాలు గూడా ఎత్తు."